ఉండకూడని చోట మెదడు కణితి: కోరాయిడ్ ప్లెక్సస్ గడ్డల అడ్రస్ కథ

మేక మెదడు వండేవాళ్లకు ఈ పని తెలిసే ఉంటుంది. పసుపు కలిపిన గోరువెచ్చని నీళ్లలో మెదడును వేసి, పైనున్న సన్నని పొరను, దానికి అంటుకున్న ఎర్రటి నరాలను గోటితో మెల్లగా లాగేస్తారు. అక్కడితో శుభ్రం చేయడం అయిపోతుంది. ఈసారి ఓపికుంటే ఆ మెదడును నిలువునా కోసి లోపలికి చూడండి. ఖాళీ సందులు కనిపిస్తాయి. ఆ సందుల్లో ఎర్రగా, నలిగిన కుచ్చులాంటిది ఒకటి అంటుకుని ఉంటుంది. గిన్నెలో నీళ్లు పోసి దాన్ని వదిలితే విచ్చుకుని నాచులా ఊగుతుంది. నరం ముక్క అనుకుని తీసి పారేస్తాం కానీ, కోరాయిడ్ ప్లెక్సస్ అంటే అదే. మన తలలోనూ అలాంటివి నాలుగు చోట్ల ఉంటాయి.

అన్నీ కలిపి తూచినా రెండు మూడు గ్రాములకు మించవు. చేసే పని మాత్రం పెద్దది. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరుగుతుండే నీటిని, డాక్టర్లు సీఎస్‌ఎఫ్ అనేదాన్ని, చాలావరకు ఇవే తయారుచేస్తాయి. పెద్దవాళ్లలో రోజుకు సుమారు అర లీటరు, అంటే ఒక పాల ప్యాకెట్ అంత. ఏ క్షణంలో చూసినా తలలో, వెన్నులో కలిపి ఉండే నీరు సుమారు 150 మిల్లీలీటర్లే. కాబట్టి రోజుకు మూడు నాలుగు సార్లు పాత నీరు పోయి కొత్త నీరు వస్తుందన్నమాట.

ఈ కుచ్చు నుంచి పుట్టే కణితులు చాలా అరుదు. మెదడు కణితులన్నింట్లో వీటి వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. ఏడాది నిండని పసిపిల్లల దగ్గరకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఆ వయసులో వచ్చే మెదడు కణితుల్లో నూటికి పది నుంచి ఇరవై వరకు ఇవే. వీటిలో మూడు రకాలున్నాయి. నెమ్మదిగా పెరిగే పాపిలోమా గ్రేడ్ 1. క్యాన్సర్ అనదగ్గ కార్సినోమా గ్రేడ్ 3. రెంటికీ మధ్యనున్న ఎటిపికల్ పాపిలోమాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 వర్గీకరణలో గ్రేడ్ 2గా చేర్చింది. సూక్ష్మదర్శినిలో బాగా పెద్దది చేసి పది చోట్ల చూస్తే, మొత్తం మీద విడిపోతున్న కణాలు రెండో అంతకంటే ఎక్కువో కనబడితే పాపిలోమా కాస్తా ఎటిపికల్ అవుతుంది. ఆ గీత అంత సన్నం.

మెదడు లోపలి ఖాళీ గదులను వెంట్రికల్స్ అంటారు. ఎడమ, కుడి పక్కల రెండు పెద్దవి, నడుమ సన్నని మూడోది, వెనక చిన్న మెదడుకు ముందు నాలుగోది. పిల్లల్లో కణితి ఎక్కువగా పక్క గదుల్లో వస్తుంది, పెద్దల్లో ఎక్కువగా నాలుగో గదిలో. పాఠ్యపుస్తకం చెప్పే మామూలు అడ్రస్‌లు ఇవి. వైద్య పత్రికలు తిరగేస్తే ఇంకో రకం శీర్షికలు కనబడతాయి. చెవి నరం పక్కన, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గూట్లో, మెదడు మాంసం మధ్యలో, వెన్ను చివర్లో కోరాయిడ్ ప్లెక్సస్ కణితి అని. ప్రతిదాన్నీ ‘అసాధారణ స్థానం’ అనే ఒకే మాటతో కట్టేస్తారు. నాకు ఆ మాట మీదే అభ్యంతరం. దాని కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు సంగతులు దాక్కున్నాయి. వాటిని విడదీయకపోతే రోగికి ఏం చేయాలో కూడా తేలదు.

ముందు చెవి దగ్గరి సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ గందరగోళం అక్కడే. చిన్న మెదడు, మెదడు కాండం కలిసే మూలను డాక్టర్లు సీపీ యాంగిల్ అంటారు. వినికిడి నరం, ముఖ నరం ఆ మూల నుంచే వెళతాయి. నలభై దాటిన ఒక మనిషిని ఊహించుకోండి. ఒక చెవిలో కొన్ని నెలలుగా గుయ్‌మని మోత. ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే మాట సరిగా వినబడదు. నడుస్తుంటే ఒకవైపు తూలినట్టుంటుంది. ఎమ్మారై తీస్తే ఆ మూలలో గడ్డ. చూసిన ఎవరైనా మొదట అనుకునేది ష్వానోమా, అంటే వినికిడి నరం మీద పెరిగే గడ్డ. అలా అనుకోవడం తప్పేం కాదు. ఆ మూలలో వచ్చే గడ్డల్లో అత్యధిక భాగం అవే. తర్వాత మెదడు పొర నుంచి పుట్టే మెనింజియోమా, ఆ తర్వాత చర్మ కణాల తిత్తి అయిన ఎపిడెర్మాయిడ్. కోరాయిడ్ ప్లెక్సస్ పాపిలోమా ఆ వరసలో ఎక్కడో చివర ఉంటుంది. అక్కడ ఉండాల్సిన వస్తువు కాదుగా అనుకుంటాం.

కానీ కోరాయిడ్ ప్లెక్సస్ అక్కడ నిజంగానే ఉంటుంది! నాలుగో గదికి రెండు పక్కలా లుష్కా రంధ్రాలని చిన్న కంతలున్నాయి. లోపలి నీరు బయటికి వచ్చే దారుల్లో అవి కూడా ఉన్నాయి. ఆ కంతల్లోంచి కుచ్చు కొస కొంచెం బయటికి తొంగి చూస్తుంది, సరిగ్గా ఆ సీపీ యాంగిల్‌లోకే. 19వ శతాబ్దంలో ప్రాగ్‌లో పనిచేసిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త బొహ్డాలెక్ పేరు మీద దాన్ని నేటికీ ‘బొహ్డాలెక్ పూలసజ్జ’ అనే పిలుస్తారు. పూజకు వెళ్లేటప్పుడు సజ్జ అంచు దాటి పూలు కాస్త బయటికి వాలి ఉంటాయి చూడండి, అచ్చం అలాగే ఉంటుంది ఆ దృశ్యం. దాదాపు ప్రతి మనిషిలోనూ ఉండే ఈ సజ్జలోంచే అక్కడి కణితి మొలకెత్తగలదు. కొన్నిసార్లు నాలుగో గదిలో పుట్టినది పాకుతూ ఆ కంతలోంచి బయటికి వస్తుంది. రెండు దారుల్లోనూ వింతేమీ లేదు. ఇంటి వసారాలో కూర్చున్న మనిషిని పట్టుకుని ఊరు దాటి వచ్చాడన్నట్టే ఉంటుంది, దీన్ని అసాధారణం అనడం.

ష్వానోమాకూ దీనికీ తేడా స్కాన్‌లో కొంత దొరుకుతుంది. ష్వానోమా సాధారణంగా వినికిడి నరం వెళ్లే ఎముక గొట్టంలోకి దూరి దాన్ని వెడల్పు చేస్తుంది. పాపిలోమా మామూలుగా ఆ పని చేయదు. దాని అంచు కాలీఫ్లవర్ పువ్వులా బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది, లుష్కా కంత వైపు తోకలా సాగుతుంది. రంగు మందు ఎక్కించి తీసిన స్కాన్‌లో గట్టిగా వెలుగుతుంది. మెదడులో మిగతా చోట రక్తనాళాల గోడ బిగుతుగా ఉండి మందును బయటికి పోనివ్వదు. ఈ కుచ్చులోని నాళాలకు మాత్రం సన్నని కంతలుంటాయి, నీరు తయారుకావాలి కదా. ఆ కంతల వల్లే మందు బయటికి వచ్చి గడ్డ అంతా మెరుస్తుంది.

మామూలు చోట ఉన్న కణితికీ, ఇలాంటి చోట ఉన్నదానికీ లక్షణాలు కూడా వేరు. గదుల్లో ఉన్నది నీటి దారికి అడ్డం పడుతుంది. పైగా అవసరానికి మించి నీరు తయారుచేయగలదు. కొంచెం కొంచెం రక్తం కారినా, ప్రొటీన్ పెరిగినా నీరు ఇంకిపోయే చోటు కూడా పూడుకుపోతుంది. ఈ మూడింటి వల్లా తలలో నీరు పేరుకుంటుంది, వీటిలో దేని వాటా ఎంత అన్న వాదన పాతదే. పసిపిల్లల్లో తల చుట్టుకొలత పెరగడం, మాడు ఉబ్బడం, కళ్లు కిందికి వాలిపోవడం ఇందుకే. అధికంగా నీరు ఊరుతుందనడానికి ఒక సాక్ష్యం కడుపులో కనబడుతుంది. తలలో నీటిని పొట్టలోకి దించడానికి షంట్ అనే సన్నని గొట్టం వేస్తే, పొట్ట కూడా అంత నీటిని పీల్చుకోలేక ఉబ్బిపోయిన పిల్లలున్నారు. నీరు చేసేది ఈ కుచ్చే కాబట్టి కుచ్చునే తీసేస్తే పోలా అని 1918లోనే అమెరికాలోని బాల్టిమోర్‌లో సర్జన్ వాల్టర్ డాండీ ప్రయత్నించాడు. ఫలితాలు బాగా లేక ఆ పద్ధతి మూలపడింది. చాలా దశాబ్దాల తర్వాత ఉగాండాలోని ఎంబాలేలో సర్జన్ బెంజమిన్ వార్ఫ్ ఎండోస్కోప్‌తో దాన్ని కొత్త రూపంలో మళ్లీ పైకి తెచ్చాడు.

గది బయట పుట్టిన గడ్డకు ఈ నీటి గొడవ ఉండకపోవచ్చు. అప్పుడది పక్కింటివాళ్ల భాషలో మాట్లాడుతుంది. చెవి పక్కనైతే వినికిడి తగ్గుతుంది, పిట్యూటరీ పక్కనైతే చూపు, హార్మోన్లు దెబ్బతింటాయి, మెదడు పైభాగంలోనైతే ఫిట్స్ వస్తాయి. డాక్టర్ ఆలోచన సహజంగానే ఆ పక్కింటి జబ్బుల వైపు వెళ్తుంది. కోరాయిడ్ ప్లెక్సస్ పేరు ఆపరేషన్‌కు ముందు ఎవరి నోటా రాదు.

మూడో గది సంగతి మధ్యస్థం. అక్కడ కుచ్చు ఉంది కానీ కణితి రావడం తక్కువ. వచ్చినప్పుడు అరుదుగా ఒక విచిత్రమైన లక్షణం కనిపిస్తుంది. తంజావూరు బొమ్మ తలాడించినట్టు పిల్లవాడి తల ఆగకుండా ఊగుతుంటుంది, సెకనుకు రెండు మూడు సార్లు. నిద్రపోతే ఆగిపోతుంది. ‘ఊపకురా’ అంటే కాసేపు ఆపగలడు కూడా. 1966లో తొలిసారి వర్ణించినప్పుడే దీనికి తలాడించే బొమ్మ పేరే పెట్టారు. ఎక్కువగా ఇది ఆ ప్రాంతంలోని నీటి తిత్తుల వల్ల వస్తుంది, పాపిలోమా వల్ల కొద్దిమందిలోనే. కాడ మీద వేలాడే గడ్డ నీటి దారికి మూతలా పడుతుందనీ, తల ఊపితే మూత కాస్త తొలగి ఉపశమనం దొరుకుతుందనీ ఒక వివరణ. ఇంట్లోవాళ్లు అలవాటనో, అల్లరనో అనుకునే ప్రమాదం ఎంతైనా ఉంది.

ఇక అసలైన వింతలు. పిట్యూటరీ గూట్లో కోరాయిడ్ ప్లెక్సస్ ఉండదు. మెదడు మాంసంలోనూ ఉండదు. అక్కడ కణితి ఎలా వచ్చింది? జవాబు కోసం తల్లి కడుపులోకి వెళ్లాలి. మెదడు మొదట ఒక గొట్టం. ఆ గొట్టం కప్పు కొన్ని చోట్ల ఒకే వరస కణాలంత పలచగా మిగిలిపోతుంది. బయటి నుంచి రక్తనాళాలు ఆ పలచటి చోటును నెట్టుకుంటూ లోపలికి మడతపడతాయి. ఆ మడతే కుచ్చు అవుతుంది. ముందు నాలుగో గదిలో, తర్వాత పక్క గదుల్లో, చివరికి మూడో గదిలో. ఇంత మడత పెట్టే పనిలో నాలుగు కణాలు పక్కకు జారి, మెదడు మాంసంలో చిక్కుకుపోతే, ఏళ్ల తర్వాత వాటి నుంచి గడ్డ పెరగొచ్చు. ఇది ఒక ఊహ. రెండో ఊహ ఏమిటంటే, గదుల గోడ కణాలూ కుచ్చు కణాలూ ఒకే తల్లి బిడ్డలు కాబట్టి, ఇంకెక్కడో ఉన్న బంధువు కణమే దారి మార్చి ఈ రూపం తీసుకుందని. పిట్యూటరీ దగ్గర దొరికినవి ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా అచ్చయిన కేసులే కనుక, అంత కొద్దిమందిని చూసి ఏ ఊహా రుజువైందనలేం.

కుచ్చు కణాలు తల బయట కూడా తయారుకాగలవనడానికి రుజువు మరీ దూరంలో ఉంది. అండాశయంలో పుట్టే టెరటోమా గడ్డల్లో వెంట్రుకలు, పళ్లు దొరుకుతాయని వినే ఉంటారు. వాటిలో కోరాయిడ్ ప్లెక్సస్ కూడా చక్కగా తయారై దొరుకుతుంది. రకరకాల ధాతువులుగా మారగలిగే కణానికి ఈ కుచ్చు కట్టడం కూడా వచ్చు.

మెదడు మాంసంలో దొరికిన ప్రతి కేసూ మాత్రం ఈ కోవలోకి రాదు. ఇక్కడే నాకు కొంచెం అనుమానం ఎక్కువ. కార్సినోమా గది గోడను తినేస్తూ మాంసంలోకి పాకుతుంది. పసివాడి మెదడులో అయిదారు సెంటీమీటర్ల గడ్డ ముందు భాగమంతా, అంటే ఫ్రాంటల్ భాగమంతా ఆక్రమించి ఉన్నప్పుడు, అది గదిలో పుట్టి బయటికి వచ్చిందో, బయట పుట్టి గదిని నొక్కిందో స్కాన్ చూసి తేల్చడం కష్టం. అలాంటివాటిలో కొన్నింటికి ‘అసాధారణ స్థానం’ బిరుదు తొందరపడి ఇచ్చేశారేమో. పైగా మామూలు చోట వచ్చినవి ఎవరూ కేస్ రిపోర్టుగా రాయరు, వింతగా ఉన్నవే రాస్తారు. పత్రికల్లో లెక్కపెడితే వింతలు ఉన్నదానికంటే ఎక్కువే కనబడతాయి.

వెన్నులో దొరికిన గడ్డది వేరే కథ. చాలాసార్లు అది అక్కడ పుట్టినది కాదు. పైన పుట్టిన కణితి నుంచి రాలిన కణాలు నీటితో పాటు కిందికి జారి, వెన్ను చివర మడ్డిలా పేరుకుని మొలకెత్తినది. కార్సినోమా ఇలా చేస్తుందంటే ఆశ్చర్యం లేదు. గ్రేడ్ 1 పాపిలోమా కూడా అరుదుగా చేస్తుంది. అందుకే తలలో ఇలాంటి కణితి అని అనుమానం రాగానే వెన్ను మొత్తానికీ ఎమ్మారై తీస్తారు. నడుములో ఏ నొప్పీ లేదు, మళ్లీ స్కాన్ ఎందుకు, బిల్లు పెంచడానికా అని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. ఈ ఒక్క స్కాన్ మాత్రం అనవసరం కాదు. వెన్నులోనే సొంతంగా పుట్టిందని నమ్మాలంటే, ముందు తలలో ఏమీ లేదని చూపించాలి.

అన్నింటికంటే పెద్ద చిక్కు రూపం కలిసిపోవడం. పాథాలజీ ల్యాబ్‌లో అద్దం పలక మీద ఈ కణితి నిజంగా అందంగా ఉంటుంది. చేతివేళ్లలా సాగిన కాడలు, ఒక్కో కాడ మధ్యలో సన్నని రక్తనాళం, దాని చుట్టూ ఒకే వరసలో అమర్చినట్టు కణాలు. ఆరోగ్యంగా ఉన్న కుచ్చులో ప్రతి కణం పైకి కాస్త ఉబ్బి, పరిచిన గులకరాళ్లలా ఉంటుంది. పాపిలోమాలో కణాలు ఎక్కువై, ఒకదాన్నొకటి తోసుకుంటూ నిటారుగా నిలబడతాయి, పైభాగం నున్నగా అవుతుంది. కానీ ఇలా వేళ్లలా పెరగడం ఈ కణితి సొత్తు కాదు. థైరాయిడ్ క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకినప్పుడు ఇదే వేషం వేయగలవు. గదుల గోడ కణాల నుంచి పుట్టే ఎపెండిమోమాలో ఒక రకం, లోపలి చెవి తిత్తి నుంచి వచ్చే గడ్డ, పీనియల్ గ్రంథి దగ్గరి పాపిలరీ కణితి కూడా ఇలాగే ఉంటాయి.

పలకతో పాటు వచ్చే ఫారం ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. ‘నాలుగో గది’ అని రాసి ఉంటే పాథాలజిస్టు మనసు సగం తేలికపడుతుంది. ‘కుడి ఫ్రాంటల్’ అని రాసి ఉంటే మొదటి అనుమానం వేరే చోటి క్యాన్సర్ మీదికి పోవాలి, ముఖ్యంగా రోగి పెద్దవాడైతే. పెద్దవాళ్లలో కోరాయిడ్ ప్లెక్సస్ కార్సినోమా అని రాసే ముందు ఒంట్లో ఇంకెక్కడా అసలు క్యాన్సర్ లేదని వెతికి తీరాలి. పసిపిల్లల్లోనైతే పోలిక ఏటీఆర్‌టీ అనే భయంకరమైన కణితితో. దాన్ని పట్టించే గుర్తు ఐఎన్‌ఐ1 అనే ప్రొటీన్. ఏటీఆర్‌టీలో అది కనబడకుండా పోతుంది, కోరాయిడ్ ప్లెక్సస్ కార్సినోమాలో మామూలుగా నిలిచే ఉంటుంది. కుచ్చు కణాల తరఫున సాక్ష్యం చెప్పే ప్రొటీన్లను పట్టే రంగు పరీక్షలు ఇంకొన్ని ఉన్నాయి. థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ట్రాన్స్‌థైరెటిన్ వాటిలో పాతది, కానీ వేరే క్యాన్సర్లలోనూ మెరిసి మోసం చేస్తుంది. కెఐఆర్ 7.1 అనే ప్రొటీన్ దానికంటే నమ్మదగ్గది. అవీ తేల్చకపోతే ఇప్పుడు డీఎన్‌ఏ మిథైలేషన్ పరీక్ష ఉంది. కణం ఏ ఇంటిదో దాని డీఎన్‌ఏ మీది రసాయన ముద్రలే చెబుతాయి. ఈ పరీక్షలోనే పిల్లల కణితులూ పెద్దల కణితులూ వేర్వేరు గుంపులుగా విడిపోయాయి. అన్ని ఆసుపత్రుల్లో ఇది దొరకదు.

ఇక్కడొక పక్కమాట. అయిదో నెలలో తీసే టిఫా స్కాన్ రిపోర్టులో ‘కోరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్’ అని చూసి ఈ వ్యాసం దాకా వచ్చినవాళ్లు ఉంటే, మీ సంగతి ఇది కాదు. గర్భస్థ శిశువుల్లో నూటికి ఒకరిద్దరిలో కనిపించే చిన్న నీటి బుడగ అది, కణితి కాదు. చాలావరకు నెలలు నిండేలోగా దానంతట అదే మాయమవుతుంది. స్కాన్‌లో ఇంకేదైనా తేడా కూడా ఉంటేనే డాక్టర్లు జన్యు పరీక్షల మాట ఎత్తుతారు. టెన్షన్ పడి ఇంటర్నెట్‌లో కణితుల గురించి చదవకండి.

వైద్యం దగ్గరికొస్తే, పాపిలోమాకు ఆపరేషనే మందు. మొత్తం తీయగలిగితే చాలామందికి అంతటితో అయిపోతుంది. మాట తేలికే, పని కాదు. ఈ గడ్డ నిండా రక్తనాళాలే. అయిదు కిలోల పసికందు ఒంట్లో రక్తం మొత్తం సుమారు 400 మిల్లీలీటర్లు. మన దగ్గర రక్తదాన శిబిరంలో ఒక్కరి నుంచి తీసే యూనిట్టే 350. బల్ల మీద పోయే ప్రతి చెంచా రక్తానికీ లెక్క ఉంటుంది. అందుకే సర్జన్ ముందు ఆ గడ్డకు రక్తం తెచ్చే నాళాన్ని వెతికి మూసేస్తాడు. పక్క గదిలోనైతే అది ఎటు నుంచి వస్తుందో ముందే తెలుసు, కోరాయిడల్ ధమనులు. సీపీ యాంగిల్‌లోనైతే చిన్న మెదడు ధమనుల కొమ్మలు, పైగా చుట్టూ ముఖ నరం, మింగడాన్ని నడిపే నరాలు. ఊహించని చోట ఉంటే నాళం ఎక్కడుందో కోస్తేగానీ తెలియదు. మామూలు ష్వానోమా అనుకుని లోపలికి వెళ్లిన సర్జన్‌కు ఎదురయ్యే అసలు ఇబ్బంది అదే. కొన్నిసార్లు మధ్యలో ఆపి, కీమోతో గడ్డను కుదించి, రెండోసారి వెళతారు.

కార్సినోమా అయితే బిడ్డ తల్లిని ఇంకో ప్రశ్న కూడా అడగాలి, చోటు ఏదైనా సరే. మీ వైపు, మీ ఆయన వైపు చిన్న వయసులో క్యాన్సర్ వచ్చినవాళ్లున్నారా? మేనత్తకు ముప్పైల్లో రొమ్ము క్యాన్సర్, పెదనాన్న కొడుకుకు ఎముక క్యాన్సర్ అని చెబితే డాక్టర్ కలం ఆగుతుంది. టీపీ53 జన్యువులో పుట్టుకతో వచ్చే లోపం, లీ-ఫ్రౌమెని సిండ్రోమ్, ఈ కణితి ఉన్న పిల్లల్లో చెప్పుకోదగ్గ సంఖ్యలో దొరుకుతుంది. అది ఉన్నవాళ్లకు రేడియేషన్ ఇస్తే ఇంకో క్యాన్సర్‌ను పిలిచినట్టవుతుంది కాబట్టి వీలైనంతవరకు తప్పిస్తారు.

రెండో అభిప్రాయం కోసం వెళ్లేవాళ్లు ఎమ్మారై సీడీ తీసుకెళతారు, రిపోర్టు జిరాక్సులు తీసుకెళతారు. ఉండకూడని చోట దొరికిన కణితి విషయంలో వీటికంటే విలువైనది ల్యాబ్‌లో ఉండిపోతుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కను అగ్గిపెట్టెకంటే చిన్న మైనపు దిమ్మలో పెట్టి దాచుతారు. దాన్ని బ్లాక్ అంటారు. కొత్త రంగు పరీక్షలైనా, మిథైలేషన్ అయినా దాన్నుంచే చేయాలి. అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఎండ తగిలే చోట, కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.